మునెమ్మకు ఆపరేషన్

ఆ ఆదివారం శంకరప్ప వేసుకున్న పథకం చిన్నదే. తొలి బస్సులో కుప్పానికి కబురు పంపాలి. మధ్యాహ్నం బస్సుకు రంపం దిగాలి. పొద్దు వాలేలోగా మామిడిచెట్టు కొమ్మ దించేసి, ఇంటికి వెళ్ళి వేన్నీళ్ళు పోసుకుని పడుకోవాలి. ఇందులో తప్పిపోవడానికి ఏముందని అతను లుంగీ మార్చుకుని, ఈల వేసుకుంటూ బస్టాండుకు బయలుదేరాడు.

శంకరప్ప పుంగనూరు బస్టాండులో టికెట్ల గుమాస్తా. ఇది 1981 నాటి మాట. అంతకు ముందు వేసవిలో మదనపల్లెలో తోటల శాఖవాళ్ళు చెట్ల పెంపకం, చెట్ల వైద్యం నేర్పుతామని శిక్షణ పెడితే, అతను సెలవు పెట్టి మరీ వెళ్ళాడు. అంటు కట్టడం, కొమ్మ కత్తిరించడం, పురుగు పట్టిన మానును బాగు చేయడం అన్నీ ఊరికే నేర్పారు. ఒకే షరతు. నేర్చుకున్నవాళ్ళు ఊరికి ఊరికే చేసిపెట్టాలి. ఇటువంటి షరతులకు జనం తల ఊపడం, ఊరు చేరగానే మరచిపోవడం మామూలే. పుంగనూరు నుంచి వెళ్ళిన ముగ్గురు మాత్రం దాన్ని మరచిపోలేదు.

ఆ ముగ్గురిలో రెండో మనిషి రెడ్డెమ్మ. వేరుశనగ పండించే రైతు ఇంటి కోడలు. కొంగు నడుముకు బిగించి చెట్టెక్కిందంటే, కింద నిలబడ్డ మగవాళ్ళు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిచ్చెన పట్టుకునేవారు. మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత తమ కొబ్బరిచెట్టు కోసం ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. మూడోవాడు గంగులప్ప, నూనె మిల్లులో పనివాడు. మాట తక్కువ. మట్టి పిసికితే మాత్రం ఆ మట్టి చెట్టుకు చర్మంలా అతుక్కునేది.

ఆదివారం వస్తే ఈ ముగ్గురూ సంచులు తగిలించుకుని వీధిన పడేవారు. బడిలో బొప్పాయిలు, భర్త పోయిన ముసలమ్మ పెరట్లో నిమ్మచెట్టు, మసీదు పక్కన దానిమ్మ, అన్నీ వాళ్ళవే. పిలిచిన ఇంట్లో మజ్జిగ తప్ప ఇంకేమీ ముట్టేవారు కారు. వాళ్ళు తిరగడం మొదలుపెట్టాక ఊళ్ళో సగం పెరళ్ళలో కాయలకు, పళ్ళకు కొరత లేకుండా పోయింది.

చెట్లకు పేర్లు పెట్టడం శంకరప్పకు అలవాటు. ఎవరు నాటితే వాళ్ళ పేరే చెట్టుకు.

"సెట్టును సెట్టు అంటే ఎవురికీ పట్టదప్పా," అనేవాడు. "పేరు పెట్టి పిలిస్తే నీళ్ళు పోస్తారు."

అది నిజమే అయింది. శిక్షణ తీసుకున్నవాళ్ళంతా అలాగే పిలుచుకునేవారు. మారెమ్మకు చీడ పట్టింది, మందు కొట్టి ఎరువు వేశాం, అని వాళ్ళు మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్ళు కొంచెం దూరం జరిగి కూర్చునేవారు.

చౌడేపల్లె రోడ్డులో బస్సులు ఆగే చోట ఉన్న పెద్ద మామిడిచెట్టు పేరు మునెమ్మ. దాన్ని నాటిన మునెమ్మ ఆ చెట్టు కిందే మజ్జిగ అమ్ముతుంది. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయిన ఏడు నాటిన టెంక అది. ఆ దారిన బస్సు కోసం నిలబడ్డవాడెవడైనా ఆ నీడలో నిలబడాల్సిందే, మునెమ్మ చేత నాలుగు మాటలు పడాల్సిందే. చెట్టు కాయలు ఎవరైనా కోసుకోవచ్చు. అడిగి కోసుకోవాలి, అంతే.

ఆ వానాకాలంలో మాను నుంచి రంపపు పొట్టులాంటిది రాలడం మొదలైంది. పురుగు లోపలికి తొలుచుకుపోయింది. రోడ్డు మీదికి వంగిన కుడివైపు పెద్దకొమ్మ సగం బోలు అయింది. రోడ్ల మేస్త్రి వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది బస్సు మీద పడితే ఎవురు జవాబు సెప్తారు? సోమవారం పొద్దున మనుషుల్ని తెచ్చి సెట్టు కొట్టేస్తాం," అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు.

శంకరప్ప ఆయన వెంట సైకిలు తొక్కుకుంటూ ఇంటిదాకా వెళ్ళాడు. "ఆ కొమ్మ ఒకటీ తీసేసి, లోపలి పురుగు సంపితే మాను బతుకుతుంది సార్. సోమవారం మీరే వచ్చి సూడండి. బాగలేదంటే అప్పుడు కొట్టండి," అని బతిమాలి, ఆదివారం ఒక్కరోజు గడువు తెచ్చుకున్నాడు.

ఈ సంగతి చెబితే మునెమ్మ మజ్జిగ కుండ మీద మూత పెట్టేసింది.

"దాని సెయ్యి కోస్తాంటే నేనీడ ఉండలేనప్పా," అంది. "పొద్దున్నే చౌడేపల్లెకు పోతాండాను, నా సావాసగత్తె పాపమ్మ ఇంటికి. సాయంకాలం దాకా రాను. బతికిందంటే కబురు పంపు. లేదంటే ఎవురూ నాకేం సెప్పద్దు."

ఎప్పుడూ ఎవరో ఒకరిని తిడుతూ ఉండే మనిషి అలా మెల్లగా మాట్లాడడం శంకరప్ప ఎప్పుడూ వినలేదు. ఎలాగైనా చెట్టును నిలబెట్టాలనుకున్నాడు.

చిక్కల్లా రంపంతోనే. అంత లావు కొమ్మను గొడ్డలితో కొడితే మాను చీలుతుంది. శిక్షణలో ముందు నేర్పిన పాఠమే అది. ఇద్దరు చెరోవైపు పట్టి లాగే పెద్ద రంపం ఆ ప్రాంతానికంతా కలిపి ఒకటే ఇచ్చారు. అది బస్సుల్లో ఊరూరా తిరుగుతూ ఉంటుంది. అప్పుడది కుప్పంలో సైకిలు షాపు గంగాధరం దగ్గర ఉంది. అతనూ వీళ్ళతో శిక్షణ పొందినవాడే.

శంకరప్ప బస్టాండు చేరేసరికి కుప్పం బస్సు కదులుతోంది. కండక్టరు లక్ష్మీపతి ఆ రూటుకు కొత్తగా వచ్చినవాడు, మెత్తని మనసువాడు. శంకరప్ప బస్సు పక్కన పరుగెత్తుతూ కిటికీలోంచి చెప్పాడు.

"కుప్పంలో సైకిలు షాపు గంగాధరానికి సెప్పప్పా. మునెమ్మ పరిస్థితి బాగలేదు. లోపలంతా పురుగు తొలిసేసింది. ఈ పొద్దు కుడి సెయ్యి కోసేస్తాండాము. కాదంటే రేపు పొద్దున్నే వచ్చి ఎత్తుకొని పోతారు. రంపం తీసుకొని బిరీన రమ్మను."

మునెమ్మ అంటే లక్ష్మీపతికి తెలిసింది చెట్టు కింద మజ్జిగ అమ్మే మునెమ్మ ఒక్కతే; అతని ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. శంకరప్ప అది చూడలేదు. బస్సు పొగ వదిలి వెళ్ళిపోయింది.

కుప్పంలో సైకిలు షాపు మూసి ఉంది. గంగాధరం ఎవరిదో కొబ్బరితోటకు వెళ్ళాడు. లక్ష్మీపతి పక్కనున్న టీ అంగట్లోకి వెళ్ళి, నలుగురి ముందూ అనరాని మాటని రంపం సంగతి మింగేసి, మిగిలింది చెప్పాడు. "పుంగనూరులో మునెమ్మ అని, బస్సులు ఆగే చోట ఉండే ఆయమ్మ, చాలా సీరియస్‌గా ఉందట. చెయ్యి తీసేస్తున్నారట. రేపు పొద్దునకల్లా ఎత్తుకుపోతారట. గంగాధరం గారు వస్తే చెప్పండి."

అక్కడ టీ తాగుతున్న మునెప్ప చేతిలోంచి గ్లాసు జారిపోయింది. ఆయన మునెమ్మకు సొంత తమ్ముడు.

ఆ అక్కాతమ్ముళ్ళ మధ్య ఏళ్ళ తరబడి మాటల్లేవు. మునెప్ప కూతురి పెళ్ళిలో తాంబూలం ముందు వియ్యపురాలికి ఇచ్చి, తర్వాత అక్కకు ఇచ్చారు. మునెమ్మ తాంబూలం పీట మీద పెట్టి లేచి వెళ్ళిపోయింది. ఆమె వస్తే మాట్లాడదామని ఆయన, ఆయన వస్తే మాట్లాడదామని ఆమె, అలా ఉండిపోయారు. ఇప్పుడు ఆ తాంబూలం మొత్తం మునెప్ప గుండెకు అడ్డం పడింది. ఆయన వీధిలోనే కూర్చుని ఏడ్చాడు. తర్వాత లేచి, పట్టుగూళ్ళు తోలే లారీని మాట్లాడి, బంధువులందరినీ ఎక్కించాడు.

తర్వాత శంకరప్ప ఒక్కొక్కరినీ అడిగి కూర్చుకున్న వివరాల ప్రకారం, ఆ లారీ ఎంత దూరం నడిస్తే మునెమ్మ ఆరోగ్యం అంత దిగజారింది. కుప్పంలో ఒక చెయ్యి పోయింది. వి.కోటలో బంధువులు ఎక్కేసరికి రెండు చేతులూ పోయాయి. పలమనేరులో పూలు కొనడానికి ఆపినప్పుడు, ప్రాణమే పోయిందని ఎవరో అన్నారు. పూలంగడివాడు అన్నాడో, పూలు కొన్నవాడు అన్నాడో తేలలేదు. అప్పటినుంచి ఆడవాళ్ళు శోకాలు మొదలుపెట్టారు.

మునెప్ప బావమరిది లక్ష్మయ్య మాత్రం ముందుచూపున్న మనిషి. కుప్పంలో కట్టెల డిపోలో కోత పని చేస్తాడు. "ఆదివారం ఆ ఊళ్ళో అంగళ్ళు తెరిసుంటాయో లేదో," అని పలమనేరులోనే వెదుళ్ళు, మోకులు, కుండలు కొని లారీలో వేయించాడు. బయలుదేరేటప్పుడే రెండు పారలూ, చితికి కట్టెలు కోయడానికని డిపోలోని పెద్ద రంపమూ తెచ్చుకున్నాడు.

ఇదంతా తెలియని శంకరప్ప, చెట్టు కింద నిలబడి మధ్యాహ్నం బస్సు కోసం చూస్తున్నాడు. అప్పటికే సగం వైద్యం అయింది. రెడ్డెమ్మ చెట్టు మీద కూర్చుని ఇనుపతీగెతో బెజ్జాల్లోంచి పురుగులు లాగుతోంది. శంకరప్ప కిరసనాయిలులో ముంచిన దూది ఉండలు అందిస్తున్నాడు. ఆమె వాటిని బెజ్జాల్లోకి తోస్తే గంగులప్ప బురదతో మూస్తున్నాడు.

బస్సు ఆగింది. గంగాధరం దిగాడు. తెల్లపంచె, చేతిలో పూలదండ. నేరుగా వచ్చి శంకరప్పను కావలించుకున్నాడు.

"మంచి మనిషి అప్పా," అన్నాడు.

"ఎవురు?"

"ఇంగెవురు, మునెమ్మ. టీ అంగట్లో సెప్పినారు. కుప్పమంతా అదే మాట. మునెప్ప లారీ ఎత్తుకొని జనంతో వస్తాండాడు, దారిలో మా బస్సు ముందుకొచ్చేసింది. పలమనేరులో అందరికీ తెలుసు. పాణం పోయిందంట."

శంకరప్ప చేతిలోని దూది ఉండలు కింద పెట్టేశాడు. బస్సుల మీద వచ్చిన కబురును అనుమానించడం అతను ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఎరగడు. పైగా మునెమ్మ పొద్దున చౌడేపల్లెకు వెళ్తూ చెప్పిన మాట చెవుల్లోనే ఉంది. దాని చెయ్యి కోస్తుంటే ఉండలేనంది. అక్కడికి చేరాక గుండె ఆగిపోయి ఉంటుంది. చౌడేపల్లె నుంచి కుప్పానికి కబురు వెళ్ళి ఉంటుంది, ఇక్కడున్న తమకే చేరలేదు.

"నేనే సంపినాను," అన్నాడు మెల్లగా. "కోస్తామని సెప్పకుండా ఉండాల్సింది."

చెట్టు మీద రెడ్డెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. గంగులప్ప బురద చేతులు అలాగే గాలిలో పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి శంకరప్పకు ఒక సంగతి గుర్తొచ్చింది.

"అవునప్పా, రంపం యాడ?"

గంగాధరం నొచ్చుకున్నాడు. "సావింటికి రంపం యాల తెస్తాను శంకరప్పా?"

అంతలో లారీ వచ్చింది. శోకాలు లారీ కంటే ముందే వచ్చాయి. మునెప్ప దిగీదిగకముందే చెట్టు దగ్గరికి పరుగెత్తి, "మా అక్క యాడప్పా, యాడ పెట్టినారు?" అన్నాడు.

"చౌడేపల్లెలో ఉంటాదప్పా," అన్నాడు శంకరప్ప. "పొద్దున ఆడికే పోయింది. పాపమ్మ ఇంట్లో."

మునెప్ప, అక్క ముఖం చూసే ధైర్యం చాలక తాను ఆగిపోయి, లారీ డ్రైవరునూ, దూరపు చుట్టం ఒకడినీ చౌడేపల్లెకు పంపాడు. "మా అక్కను జాగర్తగా ఎత్తుకొని రాండి. కుదుపులు తగలకుండా," అని చెప్పి, సామాను దింపించి, చెట్టు మొదట్లో చతికిలపడ్డాడు. జనం చుట్టూ కూర్చున్నారు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తున్నారు, అలసినవాళ్ళు మునెమ్మ మజ్జిగ అరుగు మీద వాలారు.

శంకరప్ప కాసేపు వాళ్ళ మధ్య నిలబడ్డాడు. తర్వాత తలెత్తి చెట్టును చూశాడు. బెజ్జాల్లో ఇంకా సగం మిగిలే ఉన్నాయి. పెద్దకొమ్మ రోడ్డు మీదికి వంగే ఉంది. రేపు పొద్దున మేస్త్రి వస్తాడు. చావుకు వచ్చినవాళ్ళ ముందు పని మాట ఎత్తాలంటే అతనికి నోరు రాలేదు. అయినా ఎత్తాడు.

"మునెప్పా, తప్పుగా అనుకోవద్దు. ఈ సెట్టు మీ అక్క నాటింది. పొద్దున పోతా పోతా, ఇది బతికిందంటే కబురు పంపమని సెప్పింది. ఇంగ కబురు పంపేదానికి ఆయమ్మ లేదు. సెట్టన్నా నిలబెడదాం. ఈ పొద్దు కొమ్మ దించకపోతే రేపు మొత్తం కొట్టేస్తారు."

మునెప్ప ఏడుపు ఆపాడు. చెట్టును కింది నుంచి పైకి చూశాడు. "ఇదేనా ఆయమ్మ కడసారిగా అడిగింది?"

"ఇదే."

మునెప్ప పైపంచె తీసి నడుముకు చుట్టాడు. "లక్ష్మయ్యా, రంపం తీయప్పా," అన్నాడు.

ఆ పని చూసినవాళ్ళు చాలాకాలం దాని గురించి చెప్పుకున్నారు. పాడె కోసం తెచ్చిన వెదుళ్ళను జోడించి కొమ్మ కింద ఊతంగా నిలబెట్టారు. రెడ్డెమ్మ మోకు నోట కరుచుకుని పై కొమ్మకు ఎక్కి, దాని మీదుగా వేసి, ఒక కొసను కోయబోయే కొమ్మకు కట్టి, రెండో కొసను కిందికి వదిలింది. మోకు కొసను పదిమంది చుట్టాలు పట్టుకున్నారు. కొమ్మ పైనుంచి కోస్తే బరువుకు బెరడు చీలుకుంటూ మానుదాకా వస్తుందని, ముందు అడుగువైపు కొంత కోసి, తర్వాత పైనుంచి కోయాలని శంకరప్ప చెప్పాడు. మానులు కోయడంలో తల పండిన లక్ష్మయ్య ఆ మాట విని, "బతికే సెట్టును కోసేది వేరేగా ఉండాదే," అని అతను చెప్పినచోటే రంపం పెట్టాడు. రెండోవైపు గంగాధరం తెల్లపంచె ఎగగట్టి పట్టుకున్నాడు.

కొమ్మ విరిగిపడలేదు. తొట్లో బిడ్డలా మోకు మీద ఊగుతూ, మెల్లగా రోడ్డు మీదికి దిగింది. ఒక్క ఆకు చితకలేదు. శోకాలు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్ళు లేచి నిలబడి చూశారు. కోసినచోట రెడ్డెమ్మ మైలుతుత్తం, సున్నం కలిపిన నీలి ముద్ద పూసింది. మిగిలిన బెజ్జాలకు దూది పెట్టారు. లక్ష్మయ్య తెచ్చిన పారలతో మగవాళ్ళు చెట్టు చుట్టూ పాదు తవ్వారు. ఆడవాళ్ళు కుండలు తీసుకుని బావి దగ్గరికి బారు కట్టారు. ముగ్గురు మనుషులు రెండు ఆదివారాలు చేయాల్సిన పని ఒక్క పూటలో అయిపోయింది.

ఆఖరి కుండ నీళ్ళు పోస్తుండగా చౌడేపల్లె వైపు నుంచి లారీ వచ్చింది. అందరూ తలలు వంచి వరసగా నిలబడ్డారు. గంగాధరం తన దండను దులిపి సిద్ధంగా పట్టుకున్నాడు.

లారీ ముందు తలుపు తెరుచుకుంది. మునెమ్మ, వేరుశనక్కాయల మూట ఒడిలో పెట్టుకుని, డ్రైవరు పక్కన కూర్చుని ఉంది.

"నన్ను జాగర్తగా ఎత్తుకొని రమ్మన్నారంట," అంది. "ఎవురికీ ఆ కష్టం యాలని నేనే ఎక్కి కూసున్నాను. ఎవురప్పా సెప్పింది, నేను సచ్చినానని?"

ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కి పరుగెత్తారు. గంగాధరం దండను వీపు వెనక్కి పెట్టుకున్నాడు. అప్పుడే కుప్పం నుంచి తిరిగొచ్చిన లక్ష్మీపతి, చేతిలో బత్తాయిల సంచితో, జనాన్ని తోసుకుంటూ శంకరప్ప దగ్గరికి వచ్చాడు.

"సార్, ఆ పెద్దామెకు ఆపరేషన్ ఎలా అయింది?" అన్నాడు ఆత్రంగా. "చెయ్యి తీసేశారా?"

ఆ మాటతో శంకరప్పకు పొద్దున తాను పరుగెడుతూ చెప్పిన ప్రతి అక్షరం వరసగా గుర్తొచ్చింది. ఆ అక్షరాలను ఇంకొకరి చెవులతో వినడం అదే మొదటిసారి. అతను నేల మీద పడుకోబెట్టిన కొమ్మను చూపించాడు. లక్ష్మీపతి ఆ కొమ్మను చూశాడు, మునెమ్మ రెండు చేతులూ చూశాడు, బత్తాయిల సంచి కింద పెట్టేశాడు.

విషయం అర్థమవుతున్న కొద్దీ జనంలో నవ్వు ఒక మూల మొదలై చివరిదాకా పాకింది. నవ్వనిది ఇద్దరే. మునెప్ప నవ్వలేక తల వంచుకున్నాడు. మునెమ్మ ఎవరి వైపూ చూడకుండా చెట్టు దగ్గరికి వెళ్ళింది. కోసినచోటి నీలి ముద్ద కింద మాను మీద చేయి పెట్టి తడిమింది. మాను చుట్టూ తిరిగి, మూసిన బెజ్జాలు చూసింది. తడిసిన పాదును కాలి బొటనవేలితో నొక్కి చూసింది.

"బతుకుతాదా?" అంది.

"బతుకుతాదమ్మా," అన్నాడు శంకరప్ప. "చుట్టూ తవ్వింది, నీళ్ళు పోసింది మీవాళ్ళే."

అప్పుడు ఆమె తమ్ముడి వైపు తిరిగింది. ఆయన మోకాళ్ళదాకా బురద. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నేను సచ్చినానని ఏడ్సినావా?"

"ఏడ్సినానక్కా."

"ఎవురన్నా సూసినారా?"

"కుప్పం నుంచి ఈడిదాకా అందరూ సూసినారు."

"అయితే సరే," అని మునెమ్మ వేరుశనక్కాయల మూట విప్పి, మొదటి గుప్పెడు తమ్ముడి చేతిలో పోసింది. తర్వాత బత్తాయిల సంచి అందుకుని, ఇవి ఎవరికి తెచ్చారని అడిగి, తనకేనని తెలిశాక ఒకటి ఒలుచుకుంది. శంకరప్ప తప్పయిందని చెప్పబోతే చేయి అడ్డం పెట్టింది. "నా పేరు పెట్టినావు, నా మాదిరి సూసుకున్నావు. ఇంగేం సెప్పాల? అందరికీ మజ్జిగ కలపాల, బావి కాడ నుంచి ఇంగో రెండు కుండలు తెప్పించు," అంది.

సోమవారం పొద్దున మేస్త్రి మనుషులతో వచ్చాడు. చెట్టు చుట్టూ తిరిగి, మూసిన బెజ్జాలు తట్టి చూసి, రోడ్డు మీద ఏమీ వేలాడడం లేదని ఒప్పుకున్నాడు. పోతూ పోతూ, తన అత్తగారింట్లో సపోటా కాయడం లేదని, వచ్చే ఆదివారం తీరిక ఉంటుందా అని రెడ్డెమ్మను అడిగాడు. వాళ్ళ అత్త పేరేమిటని శంకరప్ప అడగబోతే, రెడ్డెమ్మ అతని కాలు తొక్కింది.

మునెప్ప కుప్పానికి తిరిగి వెళ్ళకుండా అక్క ఇంట్లోనే ఉండిపోయాడు. వారం తిరక్కముందే ఇద్దరూ మళ్ళీ పోట్లాడుకున్నారు, కాకపోతే ఈసారి మాట్లాడుకుంటూ.